మళ్ళీ వచ్చిన కందిరీగ

జపాను దేశంలో షిజువోకా అనే ఊళ్ళో టమియా అని ఒక బొమ్మల కంపెనీ ఉంది. ఇరవై ఏళ్ళకు పైగా ఆ కంపెనీ ఒక వింత వ్యాపారం చేస్తోంది. 1980 ప్రాంతాల్లో తాను తయారుచేసి, అమ్మి, ఆ తరవాత మానేసిన రేడియో కంట్రోలు కార్లను ఒక్కొక్కటిగా బయటికి తీసి మళ్ళీ అమ్ముతోంది. కొత్త మోడలు, మెరుగుపరచిన మోడలు అని చెప్పి అమ్మటం లోకంలో అందరూ చేసేదే. ఇది పాతదేనండీ, మీరు చిన్నప్పుడు చూసిందే అని చెప్పి అమ్మటం వీళ్ళ ప్రత్యేకత. కొనేవాళ్ళు ఎక్కువగా యాభై దాటిన పెద్దమనుషులు. బట్టతలలూ, బీపీ మాత్రలూ ఉన్నవాళ్ళు. వాళ్ళలో నేనూ ఒకణ్ణి కనక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

బ్యాంకులో ముప్పై ఏళ్ళకు పైగా అప్పులిచ్చే బల్ల దగ్గర కూర్చున్నవాడికి పిల్లల బొమ్మల గొడవేమిటని మీకు తోచవచ్చు. మా ఆవిడకు రోజూ తోస్తుంది. అందుకని ముందు ఆ బండి సంగతి చెబుతాను.

అమెరికాలో కాలిఫోర్నియా వాళ్ళు 1960 లలో పాత ఫోక్స్‌వాగన్ బీటిల్ కార్లు కొని, పైన ఉన్న రేకంతా పీకేసి, లావు చక్రాలు తగిలించి ఇసకదిబ్బల మీద తోలేవారు. వాటికి బగ్గీలని పేరు. 1967 లో మెక్సికోలోని బాహా ద్వీపకల్పంలో ఇలాంటి బళ్ళకోసం ఎడారిలో పెద్ద పందెం కూడా మొదలయింది. 1979 లో టమియా కంపెనీ ఆ బళ్ళను పదో వంతుకు కుదించి, బాటరీ మోటారు పెట్టి, రేడియో తరంగాలతో నడిచే బొమ్మలుగా తెచ్చింది. రఫ్ రైడర్ ఒకటి, శాండ్ స్కార్చర్ ఒకటి. అంతకుముందు రేడియో కారంటే నున్నటి సిమెంటు నేల మీద తోలుకోవలసిందే, చిన్న గులకరాయి అడ్డం వస్తే బోర్లాపడేది. ఈ బళ్ళు మట్టిలో, గడ్డిలో, ఇసకలో పోయాయి. జపానులో, ఇంగ్లండులో, అమెరికాలో ఒక తరం మగపిల్లలకు ఇదే పెద్ద కోరిక అయి కూచుంది. 1983 లో ఫ్రాగ్ వచ్చింది. 1984 లో గ్రాస్‌హాపర్, దాని వెనకే హార్నెట్. 1985 లో నాలుగు చక్రాలకూ శక్తి అందే హాట్‌షాట్. కప్ప, మిడత, కందిరీగ అని పేర్లు పెట్టుకుంటూ పోయారు. పురుగూ పుట్రా పేర్లతో ఇంత డబ్బు చేసుకున్న కంపెనీ ఇంకోటి ఉందో లేదో!

నా కథ హార్నెట్‌తో. మా మేనమామ దాన్ని మొదటినుంచీ కందిరీగ అనే అన్నాడు, నేనూ అలాగే అంటాను.

మా మామది చింతాద్రిపేటలో రేడియో రిపేరు కొట్టు. మద్రాసు తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు, రిచీ స్ట్రీటు పక్కనే. రేడియో సామాను ఏది కావాలన్నా పది అడుగుల్లో దొరికే చోటు. కొట్టంటే పెద్ద కొట్టేమీ కాదు. ఒక మనిషి కూర్చుని, ఇంకో మనిషి నిలబడగలిగినంత. గోడకు పలకలు, పలకల మీద విప్పిన మర్ఫీ, ఫిలిప్స్ సెట్లు, కింద హార్లిక్స్ సీసాల్లో స్క్రూలు. నేను బి.కాం. చదివే రోజుల్లో సాయంత్రాలు అక్కడ కూర్చుని చిట్టా రాసేవాణ్ణి. జీతం లేదు, రెండు కాఫీలు.

1987 లో ఒక సాయంత్రం కీల్పాకు నుంచి ఒకాయన ఒక అట్టపెట్టె తెచ్చి బల్లమీద పెట్టాడు. సింగపూరులో ఉద్యోగం చేసే వాళ్ళ తమ్ముడు పిల్లవాడికి తెచ్చిన బొమ్మట. గోడకు గుద్దేశాడు, ఇప్పుడు నడవటం లేదు. ఆ రోజుల్లో ఇలాంటి వస్తువు మనదేశంలో అంగట్లో దొరికేది కాదు. 1947 నాటి దిగుమతుల చట్టం అమల్లో ఉండేది. మామూలు జనం వాడే విదేశీ సరుకు తెప్పించుకోవాలంటే లైసెన్సులు కావాలి, బొమ్మకారు కోసం లైసెన్సు ఎవడిస్తాడు? విమానంలో వచ్చే బంధువు పెట్టెలో రావాలి, లేకపోతే బర్మా బజారులో ఏ మూలో కనపడాలి. ఆ దిగుమతి కట్టుబాట్లు పూర్తిగా పోయింది 2001 ఏప్రిల్ 1 నే. అంటే మేం చూస్తున్నది మాకు ఎంత డబ్బున్నా కొనుక్కోవటానికి వీల్లేని వస్తువు. డబ్బూ లేదనుకోండి, అది వేరే సంగతి.

మామ స్క్రూలు విప్పుతుంటే నేను టార్చిలైటు పట్టుకున్నాను. మూరకు నాలుగు వేళ్ళు తక్కువ పొడుగు, కిలోన్నర బరువు. నల్లటి పైతొడుగు, లోపల హెల్మెట్టు పెట్టుకున్న డ్రైవరు బొమ్మ, వెనక చక్రాలకు ముళ్ళు. లోపల మాత్రం అంతా విప్పి చూడదగ్గట్టు ఉంది. వేగం మార్చే ఏర్పాటు ఎంత సరళమంటే, ఒక రాగి పలక, దానిమీద జారే చెయ్యి, పక్కన ఒక పింగాణీ రెసిస్టరు. బండిని నిదానంగా తోలితే మోటారుకు వెళ్ళకుండా మిగిలిన కరెంటంతా ఆ రెసిస్టరులో వేడిగా పోతుంది. తక్కువ వేగంలో తోలితే బాటరీ మిగులుతుందనుకునేవాళ్ళు పొరపడ్డట్టే. ఆ రెసిస్టరే మాడిపోయింది. పైగా గోడకు గుద్దినప్పుడు ముందు చక్రం ఇరుసును పట్టుకుని అటూ ఇటూ తిప్పే ముక్క ఒకటి విరిగింది. మెకానిక్కులు దాన్ని నకిల్ అంటారు.

రెసిస్టరు రిచీ స్ట్రీటులో అరగంటలో దొరికింది. నకిల్ దొరకలేదు, దొరకదు కూడా. మామ విరిగిన ముక్కను జిగురుతో అతికించి దాన్ని నమూనాగా ఇచ్చి, పక్క సందులో లేతు పట్టే ఒకాయన చేత అల్యూమినియంతో చేయించాడు. ఆ పని తెమలటానికి మూడు వారాలు పట్టింది. లేతు ఆయనకు ఇంతకంటె పెద్ద పనులు ఉన్నాయి మరి.

బండి తయారయ్యాక, సొంతదారుకు అప్పగించే ముందు, "పరీక్ష చెయ్యకుండా ఇస్తే ఎట్లా అబ్బయ్యా?" అన్నాడు మామ. సైకిలు మీద ఐలండు గ్రౌండుకు తీసుకెళ్ళాం. కూవం నది వాసన, పొడి మట్టి, సాయంత్రపు ఎండ. రేడియో పెట్టెలోనూ, బండిలోనూ ఒకదానికొకటి సరిపడేలా కోసిన స్ఫటికాలు ఒక జత ఉంటాయి. రెండూ 27 మెగాహెర్ట్జుల దగ్గర పలకరించుకుంటాయి. పక్కన ఇంకొకడు అదే స్ఫటికంతో బండి తోలుతుంటే రెండు బళ్ళూ గందరగోళపడతాయి. అందుకే రేడియో ఏరియల్‌కు రంగు గుడ్డముక్క కడతారు, ఎవరిది ఏ స్ఫటికమో దూరాన్నించే తెలియటానికి. ఆ రోజు మద్రాసు నగరం మొత్తానికి బహుశా మాదొక్కటే బండి. గుడ్డముక్క అవసరమే లేదు. అయినా మామ దస్తీ చింపి ఒకటి కట్టాడు.

అది పరిగెత్తలేదు, దుమికింది. హార్నెట్ సంగతి తెలిసినవాళ్ళు ఎక్కడున్నా ఈ మాట ఒప్పుకుంటారు. దాని వెనక చక్రాలు రెండూ, మోటారూ, గేరుపెట్టె అన్నీ కలిసి ఒకే ముద్దగా స్ప్రింగుల మీద ఊగుతాయి. ఒక చక్రం రాయెక్కితే రెండోది కూడా కదలాలి. అందుకని గతుకుల నేల మీద అది పిల్లిమొగ్గలు వేసే దూడలాగా వెనకకాళ్ళు ఎగరేస్తూ పోతుంది. ఇంజనీర్ల లెక్కలో అదొక లోపమే. చవకగా చేయటానికి అలా కట్టారు. దానికంటె తక్కువ ధరకు అమ్మిన గ్రాస్‌హాపర్ చట్రమే దీనికీ ఆధారం, అందులో 380 రకం చిన్న మోటారు, ఇందులో 540 రకం పెద్ద మోటారు. చిన్న బండికి పెద్ద గుండె పెట్టినట్టు. పన్నెండు నిమిషాలో, పదమూడు నిమిషాలో తోలాం. బాటరీ అయిపోయింది. మరునాడు కీల్పాకు ఆయన వచ్చి డబ్బిచ్చి తీసుకెళ్ళాడు. మామ విరిగిన అసలు ముక్కను సీసాలో వేసుకున్నాడు.

అంతే కథ. ఆ తరవాత నేను బి.కాం. పూర్తిచేసి, బ్యాంకు పరీక్ష రాసి, బదిలీల మీద నాలుగు రాష్ట్రాలు తిరిగి, పిల్లల ఫీజులు కట్టి, ఇంటి అప్పు తీర్చాను. కందిరీగను మరిచిపోయానంటే అబద్ధం, రోజూ తలుచుకున్నానన్నా అబద్ధమే.

అటు ఆ బళ్ళకు కూడా మంచిరోజులు పోయాయి. 1990 లు వచ్చేసరికి పందేలకు పనికొచ్చే బళ్ళు వేరు, పిల్లల చేతిలో వీడియో ఆటలు వేరు. పాత మోడళ్ళు ఒక్కొక్కటే జాబితాలోంచి జారిపోయాయి. 2004 లో టమియా హార్నెట్‌ను మళ్ళీ విడుదల చేసింది. 2005 లో గ్రాస్‌హాపర్, ఫ్రాగ్. 2007 లో హాట్‌షాట్. 2009 లో రఫ్ రైడర్‌ను బగ్గీ చాంప్ అనే పేరుతో, 2010 లో శాండ్ స్కార్చర్‌ను తెచ్చింది. ఇది చూసి అమెరికాలో అసోసియేటెడ్ వాళ్ళు 1984 నాటి తమ ఆర్‌సి10 ను 2013 లో మళ్ళీ చేశారు. ఈ ఆర్‌సి10 మామూలు బొమ్మ కాదు, 1985 లో కాలిఫోర్నియాలోని డెల్‌మార్‌లో జరిగిన మొదటి ప్రపంచ పోటీలో గెలిచిన బండి. జపానులోనే క్యోషో కంపెనీ 1982 నాటి స్కార్పియన్‌ను 2014 లో తెచ్చింది. 2021 లో ఇంగ్లండులో ఒక కంపెనీ, టమియా అనుమతితో, 1985 నాటి వైల్డ్ వన్ బొమ్మను మనిషి ఎక్కి కూర్చుని తోలేంత పెద్దదిగా చేస్తామని ప్రకటించింది. కారును చూసి బొమ్మ చేశారు, ఇప్పుడు బొమ్మను చూసి కారు! మా మామకు ఈ సంగతి చెబితే చాలాసేపు నవ్వాడు.

కామర్సు చదివినవాడికి ఇందులో ఇంకొక రుచి ఉంది. ప్లాస్టిక్కు సామానులో ఖరీదైనది ప్లాస్టిక్కు కాదు, అచ్చు. ఉక్కు దిమ్మెను వెంట్రుకవాసి తేడా లేకుండా చెక్కించాలి. ఒక్క బండికి అలాంటివి ఎన్నో కావాలి. ఆ పెట్టుబడి మొదటి కొన్నేళ్ళలో రాబట్టుకోవాలి. లెక్కల పుస్తకాల్లో ఏటేటా తరుగుదల రాసుకుంటూ పోతే చివరికి ఆ అచ్చు విలువ ఒక రూపాయి దగ్గర నిలుస్తుంది. మేం ఆడిట్లలో అలాంటి రూపాయి ఆస్తులను ఎన్నో చూశాం, తుప్పుపట్టి మూలపడి ఉంటాయి, చాలామంది పాతసామాన్లవాడికి తూచి అమ్మేస్తారు. వీళ్ళు అమ్మలేదు. గిడ్డంగిలో ఉంచారు. ఇరవై ఏళ్ళ తరవాత ఆ రూపాయి ఆస్తి మళ్ళీ రాబడి తెచ్చింది. అన్నీ అంత సుళువుగా జరగలేదనుకోండి. కొన్ని బళ్ళకు కొన్ని అచ్చులు కొత్తగా కోయించవలసి వచ్చింది. ఫ్రాగ్‌లో వెనక చక్రాలకు శక్తి అందించే కడ్డీలు పాత పద్ధతిలో ఉన్నవి త్వరగా అరిగిపోతాయని, మళ్ళీ చేసినప్పుడు వేరే రకం పెట్టారు. ఫాక్స్‌కు నోవాఫాక్స్ అని పేరు మార్చారు.

పాత వస్తువు పట్ల ఆ కంపెనీకి ఇంత పట్టుదల ఎందుకో అర్థం కావాలంటే దాని పుట్టుక చూడాలి. 1946 లో కలప వ్యాపారంగా మొదలయింది. ఆ తరవాత చెక్కబొమ్మలు. షిజువోకాలో పూర్వం పెద్ద గుడి కట్టటానికి దేశం నలుమూలల నుంచి వడ్రంగులను రప్పించారనీ, వాళ్ళు అక్కడే నిలిచిపోయారనీ, ఆ చెక్కపనే తరవాత బొమ్మల పరిశ్రమ అయిందనీ ఆ ఊరివాళ్ళు చెప్పుకుంటారు. యజమాని కొడుకు షున్‌సాకు టమియా పట్టు విడవని మనిషి. పోర్షె కారు బొమ్మ చేయటానికి కొలతలు సరిగా అందటం లేదని ఏకంగా ఒక నిజం పోర్షె 911 కారు కొని, ముక్క ముక్కగా విప్పించి కొలిపించాడు. ఆ శ్రమతో వచ్చిన పోర్షె 934 బొమ్మకే 1976 లో రేడియో అమర్చారు. టమియా రేడియో కార్లకు అదే మొదలు. ఆయన 2025 జూలైలో, తొంభయ్యో ఏట పోయాడు. ఒక బొమ్మకోసం కారు కొని విప్పిన మనిషికి నా బోటి అప్పుల ఆఫీసరు ఎదురుపడి ఉంటే ఆ ప్రతిపాదన మీద ఏం రాసి ఉండేవాణ్ణో ఊహించుకోవచ్చు.

సరే. 2018 లో, దసరాకు ముందు, సింగపూరులో ఉద్యోగం చేసే మా మేనల్లుడు సెలవుకు వస్తూ హార్నెట్ కిట్టు తెచ్చాడు. నేనే తెమ్మన్నాను. ధర ఇక్కడ రాయను, మా ఆవిడ ఈ పత్రిక చదువుతుంది. కిట్టు ధర కిట్టుదే, రేడియో వేరు, బాటరీ వేరు, చార్జరు వేరు, రంగులు వేరు. వడ్డీ తక్కువని చెప్పి మిగతా ఖర్చులు విడిగా రాబట్టే అప్పుల పద్ధతి నాకు కొత్త కాదు కనక నేనేమీ ఆశ్చర్యపోలేదు. అప్పుడైనా తెప్పించుకోవటం మంచిదే అయింది. 2020 బడ్జెట్టులో బొమ్మల మీద దిగుమతి సుంకం నూటికి 20 నుంచి 60 కి పెంచారు, 2023 లో 70 చేశారు. దేశంలో బొమ్మల పరిశ్రమ నిలబడాలని పెంచారు, నేను కాదనను. నిలబడిన పరిశ్రమ ఎప్పుడో ఒకనాడు ఇలాంటి బండి కూడా చేస్తే ముందుగా కొనేది నేనే.

పెట్టె తీసుకుని తిన్నగా మామ ఇంటికి వెళ్ళాను.

మామ కొట్టు 2009 లో మూసేశాడు. గిరాకీ పోయి కాదు, పని పోయి. చెడిపోయిన సెట్లు వస్తూనే ఉండేవి, కానీ వాటిలో బాగుచేయటానికి ఏమీ ఉండేది కాదు. బోర్డు మొత్తం తీసి ఇంకో బోర్డు పెట్టటమే. "ఇది రిపేరు కాదు అబ్బయ్యా, శవాన్ని మోసే పని" అన్నాడు ఒకరోజు. అప్పటినుంచి పొద్దున పేపరు, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం అరుగు. రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషను అయింది. డెబ్భై ఆరేళ్ళు. చేతులు వణుకుతాయని ఇంట్లో బల్బు మార్చటానికి కూడా అత్త ఒప్పుకునేది కాదు.

పెట్టె మూత తీసి చూశాడు. ఏమీ మాట్లాడలేదు. సంచులకు అక్షరాలు, చట్రానికి అంటుకున్న ముక్కలకు నంబర్లు, ఒక చిన్న గొట్టంలో గ్రీజు, ఒక రేకు పానా, ఇంత లావు పుస్తకం. ఆ పుస్తకంలో మాటలు తక్కువ, బొమ్మలు ఎక్కువ. ప్రతి మెట్టులోనూ వాడవలసిన స్క్రూ బొమ్మను దాని అసలు కొలతలోనే అచ్చువేస్తారు. చేతిలో ఉన్న స్క్రూను కాగితం మీద పడుకోబెట్టి సరిచూసుకోవచ్చు. ముసలికళ్ళకు ఇంతకంటె దయగల పుస్తకం నేను చూడలేదు. మామ ఒక్కొక్క స్క్రూనూ అలా పడుకోబెట్టి, తృప్తిపడి, అప్పుడు బిగించేవాడు. నేను తెచ్చిన స్క్రూడ్రైవరు పక్కకు పారేశాడు. జపాను స్క్రూ తలమీద గాడి మనకు దొరికే వాటికంటె కొంచెం తేడాగా ఉంటుంది, వేరే డ్రైవరుతో తిప్పితే జారి గాడి చెడుతుంది. నేషనల్ పానాసోనిక్ సెట్లు విప్పిన రోజులనాటి జపాను డ్రైవరు ఒకటి ఆయన పెట్టెలో ఇంకా ఉంది. పిడి విరిగితే దారం చుట్టి ఉంచాడు.

మామ ఒంటిగా రోజుకు రెండు గంటలు చేసేవాడు, నేను శని ఆదివారాలు వెళ్ళేవాణ్ణి. చెయ్యి వణికితే ఆగి, మోచెయ్యి బల్లకు ఆనించి, మళ్ళీ మొదలుపెట్టేవాడు. ముందు చక్రాల దగ్గరికి వచ్చినరోజు లేచి లోపలికి వెళ్ళి హార్లిక్స్ సీసా ఒకటి తెచ్చాడు. అడుగున ఉంది, 1987 నాటి విరిగిన ముక్క, జిగురు పసుపెక్కి. కొత్త ముక్కను చట్రంలోంచి కోసి దాని పక్కన పెట్టాడు. భూతద్దంతో చూశాం. ఒంపు అదే, చిల్లు అదే, అంచున అచ్చు అతుకు గీత పడ్డ చోటు కూడా అదే. ముప్పై ఒక్క ఏళ్ళ తేడాతో ఒకే కడుపున పుట్టినట్టు. నాకు గొంతు పట్టుకుంది. మామ మాత్రం, "మనం చేయించిన అల్యూమినియందే గట్టిది. అది ఇప్పటికీ విరిగి ఉండదు, చూసుకో" అన్నాడు.

ఆ మాటలో పొగరు ఉందనుకోండి, కానీ నాకు అసలు విషయం అక్కడే తట్టింది. ఇలా మళ్ళీ విడుదల చేయటం వల్ల పాత బళ్ళు దాచుకున్నవాళ్ళకు నష్టమని కొందరు ఏడుస్తారు. పెట్టె విప్పకుండా దాచిన పాత హార్నెట్‌కు పెద్ద ధర పలికేదట, కొత్తది రాగానే అపురూపం తగ్గిందట. నగల మీద అప్పిచ్చే మా బల్ల దగ్గర రోజూ చూసే ముచ్చటే ఇది. అప్రయిజరు గీటురాయి మీద గీసి బంగారానికి ఖరీదు కడతాడు, అమ్మమ్మ పెళ్ళినాటి గొలుసని చెబితే వినడు. బండి విషయంలో దీనికి తిరగేసి జరుగుతుంది. సరుకు ఖరీదు ఏమీ లేదు, ప్లాస్టిక్కు. అమ్మమ్మ పెళ్ళి ఒక్కటే ఖరీదు. పెట్టె విప్పకుండా దాచేవాళ్ళ మీద నాకు పెద్ద గౌరవం లేదు. కాని అటకమీద విరిగిపోయి పడి ఉన్న పాత బండి ఉంటుంది చూశారూ, దానికి ఈ కొత్త అచ్చు ప్రాణం పోసింది. నకిల్ దొరుకుతుంది, గేరు దొరుకుతుంది, చక్రం దొరుకుతుంది, పాతదానికి సరిగ్గా కూర్చుంటాయి. కీల్పాకు పిల్లవాడి బండి ఇంకా ఎక్కడైనా ఉంటే దానికి కూడా.

పైతొడుగు రంగు వేయటం అత్త పని అయింది. అది గాజులాంటి పలుచని ప్లాస్టిక్కు, రంగు లోపలివైపు వెయ్యాలి. చిన్న చిన్న గీతలు ముందు, నేపథ్యపు రంగు ఆఖరున. మా కిద్దరికీ అర్థం కాక తికమకపడుతుంటే అత్త చూసి, "ఇందులో ఏముంది, తంజావూరు గాజుపటం పనే కదా" అంది. చిన్నప్పుడు వాళ్ళింట్లో నేర్చుకుందట. ఇన్నేళ్ళూ మాకెవరికీ తెలియదు. నల్లరంగు ఎండేసరికి నవరాత్రులు వచ్చాయి. ఆ ఏడు కొలువులో మెట్ల కింద వేసే పార్కులో, ఆవాలు మొలిపించిన పచ్చిక మధ్య కందిరీగ నిలబడింది. పేరంటానికి వచ్చిన పిల్లలకు దాన్ని ముట్టుకోనివ్వకుండా కాపలా కాయటమే మామకు పని.

విజయదశమి వెళ్ళాక తోలాం. ఐలండు గ్రౌండుకు ఆటోలో. దుమికింది. ఇన్నేళ్ళలో ఆ లోపాన్ని సరిచేయటం వాళ్ళకు క్షణం పని. సరిచేయలేదు, ఎందుకంటే సరిచేస్తే కొనేవాడు ఉండడు. మెరుగుపరచకపోవటానికి జనం డబ్బిస్తున్న సరుకు ఇదొక్కటే కావచ్చు.

ఒక్కటి మాత్రం మార్చారు. మామకు అదే నచ్చలేదు. రాగి పలకా, జారే చెయ్యీ, పింగాణీ రెసిస్టరూ లేవు. వాటి బదులు అగ్గిపెట్టెంత నల్లటి పెట్టె, నాలుగు తీగలు. కరెంటు వృథా పోదు, వేగం మెత్తగా మారుతుంది, ఏ రకంగా చూసినా పాతదానికంటె మేలు. రేడియోలో స్ఫటికాలూ లేవు, 2.4 గిగాహెర్ట్జుల దగ్గర అదే ఖాళీ వెతుక్కుంటుంది. వంద బళ్ళు కలిసి తోలినా గుడ్డముక్క కట్టనక్కర్లేదు. మామ ఆ నల్లపెట్టెను అటూ ఇటూ తిప్పి చూశాడు. స్క్రూ లేదు. అంచులు అతికేసి ఉన్నాయి.

"ఇది పోతే?"

"కొత్తది వెయ్యాలి మామా."

ఇంకేమీ అడగలేదు. ఆ రోజు తోలటం కూడా నాకే వదిలేశాడు.

ఇప్పుడు ఆయనకు ఎనభై మూడు. బండిని నెలకోసారి విప్పి, తుడిచి, గ్రీజు పెట్టి మళ్ళీ బిగిస్తాడు. తోలేది తక్కువ, విప్పేది ఎక్కువ. అత్త చెయ్యి వణుకుడు మాట ఎత్తటం మానేసింది. సంక్రాంతికి మేనల్లుడు మళ్ళీ వస్తున్నాడంటే కావలసినవి రాసివ్వమన్నాను. క్యాలెండరు కాగితం వెనక, తన కుదురైన పాత తెలుగు రాతలో రాసిచ్చాడు. వెనక చక్రాల జత ఒకటి, ముళ్ళు అరిగిపోయాయి. మోటారు మీది చిన్న గేరు. ముందు నకిల్ రెండు, ఎందుకైనా మంచిదని. ఆఖరున, ఎక్కడైనా పాత సరుకులో దొరికితే, రాగి పలక స్పీడు కంట్రోలు, రెసిస్టరుతో సహా. దాని కింద రెండు గీతలు గీశాడు.